డొంక కేసులో పోయిన గొర్రెలు

మా తాత యల్లయ్యకు గొర్రెలంటే ఎంత ప్రేమో గెలుపంటే అంత పిచ్చి. పులిజూదంలో మా సుబ్బులవ్వ చేతిలో ఓడితే ఆ పూట అన్నం మీద అలిగేవాడు. అలాంటి మనిషికి కోర్టు కేసు తగులుకుంది.

గొర్రెలు వాగుకు పోయే డొంకను పక్క చేను గురవయ్య దున్ని కందిలో కలిపేసుకున్నాడు. పెద్దమనుషులు చెప్పినా వినలేదు. తాత మార్కాపురం కోర్టుకెక్కాడు. వాయిదా వచ్చినప్పుడల్లా వకీలు ఫీజు కోసం ఈనే గొర్రెలు సంతకు పోయేవి. అవ్వ అడ్డుపడితే, ఓడినవాడే ఖర్చులన్నీ కట్టాలని, ఆ డబ్బుతో మందను మళ్లీ నింపుతానని ఒట్టేసేవాడు.

గెలిచాడు. గురవయ్య డొంకను వదిలేయాలని, ఖర్చులు కూడా అతనే ఇవ్వాలని తీర్పులో రాశారు. తాత తలగుడ్డ సర్దుకుని, అమ్మిన గొర్రెలను వకీలు అరుణకుమారికి ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టాడు. చుక్కది, బొల్లిది, చెవి తెగింది. ఆమె అంతా విని, కోర్టు తన లెక్క ప్రకారమే ఫీజు వేస్తుందని, తాత నిజంగా పెట్టినదాంట్లో అది చిన్న ముక్కేనని చెప్పింది. అది కూడా గురవయ్య ఇవ్వకపోతే మళ్లీ పిటిషన్ వేయాలి. దానికీ ఖర్చే.

"అంటే గెలిచినోడు గూడా పెట్టుకోవాల్సిందేనామ్మా?"

"ఎక్కువ భాగం అంతే తాతా. మొదట్లోనే చెప్పినా. గెలుస్తామా లేదా, అదొక్కటే విన్నావు నువ్వు."

పోయిన గొర్రెను తెచ్చుకోవడానికి ఇంకో గొర్రెను అమ్మాలా అని తాత బస్సు దిగేదాకా గొణిగాడు. ఇంటికొచ్చి చెబితే అవ్వ ఒక్క మాటా అనలేదు. అవ్వ నోరు మూసుకుందంటే ఇంట్లో పీనుగ లేచినట్టే.

తొలకరి ముందు గురవయ్యే వచ్చాడు. కోర్టు వేసిన డబ్బు మంచం మీద పెట్టాడు.

"ఇదీ మామా, వాళ్లు రాసింది. మిగతాది నన్నడగొద్దు. నా వకీలుకు నేనిచ్చింది ఎవురిస్తారు? నా ఎడ్లు పోయినాయి."

తర్వాత నేల చూస్తూ, కేసుకు ముందులాగా ఈ ఏడు తన చేలో రాత్రిళ్లు మంద నిలపమన్నాడు. ఆ ఎరువుతోనే అతని చేను పండేది, ఆ గింజలతోనే మా కుండ నిండేది. తాత అతన్ని దొడ్డి దగ్గరకు తీసుకుపోయాడు. ఒక మూలకు ఒదిగి కాసిని గొర్రెలే నిలబడి ఉన్నాయి.

"ఏంది మామా, ఇంతేనా?"

"సగం నీ నాగలి కింద పోయినాయి అల్లుడా. సగం నా మొండితనం కింద."

ఆ డబ్బుకు రెండు గొర్రెపిల్లలొస్తాయని, అవి ఎదిగి, ఈని, మంద అయినాక తప్పక నిలుపుతానని తాత మాటిచ్చాడు. అప్పటికి ఆయనకెన్నేళ్లొస్తాయో అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానుకుంది.

మర్నాడు పొద్దున తాత గొర్రెలను వాగుకు తోలాడు. అంత వెడల్పు డొంకలో అవి ఒక పక్కగా పోయాయి. నడుమంతా, తొక్కే మంద లేక, గడ్డి మొలిచి ఉంది.