అవ్వ గుర్తుపట్టిన గుంత

చనిపోయినవాళ్ళను పాతకాలపు మనుషులు ఎలా సాగనంపారు, ఎలా గుర్తుపెట్టుకున్నారు అన్నది ఎం.ఏ.లో నా అంశం. బొంబాయి కామాటిపురలో వరసగదుల మా చాల్‌వాళ్ళు దాన్ని పీనుగుల చదువు అనేవాళ్ళు.

రెండో ఏడాది మా క్లాసును పాలమూరు వైపు తవ్వకాలకు తీసుకెళ్ళారు. మా ముత్తాత కూలి పనికి బొంబాయి బయల్దేరింది ఆ జిల్లానుంచే. నేను చూడటం మాత్రం అదే మొదలు. గుండ్రంగా పేర్చిన బండరాళ్ళ నడుమ ఒక చిన్న గుంత బయటపడింది. ఎముకలు మట్టిలో కలిసిపోయి మరకలా మిగిలాయి. తలవైపు ఒక నల్లటి మట్టిగిన్నె, నా అరచేతిలో పట్టేంత. రెండువేల ఏళ్ళకు పైబడిందన్నారు తవ్వకాలు నడిపిస్తున్న మా సార్. వేరేచోట కాల్చిన ఎముకలు తెచ్చి పాతారేమోనని రెండు రోజులు వాదించుకున్నాం.

ఇంటికొచ్చాక ఫోన్‌లో ఆ ఫొటో అవ్వకు చూపించాను. మా నాయన తల్లి ఆమె. బిల్డింగుల కాడ తట్టలు మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి. మా గది ముందు వరండాలో బియ్యం చెరుగుతున్నదల్లా చాట పక్కన పెట్టింది.

"పసిపిల్లది," అంది.

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"గిన్నె తలకాడ పెట్టిన్రు గద. ఆకలైతదని." ఫోన్‌ను దగ్గరికి తీసుకుని, "నేను గూడ పెట్టిన," అంది.

నాయనకన్నా ముందు ఆమెకో కూతురు పుట్టిందట. దాదర్‌లో పనిచేస్తున్నప్పుడు మూడు నెలల పిల్ల జ్వరమొచ్చి పోయిందట. పాతిపెట్టేటప్పుడు పాలు పోసిన గిన్నె తలవైపు పెట్టిందట.

"పెట్టమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు బిడ్డా. చెయ్యి దానంతటదే పోయింది."

ఫొటో వైపు చూస్తూనే అవ్వ అడిగింది, "దీని తల్లి తర్వాత ఎట్ల బతికిందో?" రెండు రోజుల మా వాదనలో ఆ మాట ఎవరికీ తట్టలేదు.

నెల తర్వాత ఆ గుంత మట్టిని జల్లెడ పడితే బియ్యపుగింజంత పాలపన్ను దొరికింది. అవ్వ సంగతి చెప్పేసరికి సార్ ఆమెను తీసుకురమ్మన్నారు. టాక్సీలో యూనివర్సిటీకి తీసుకెళ్ళాను. తవ్వకాల్లో దొరికిన గిన్నెలు దాచే గది ముందు అవ్వ చెప్పులు విప్పింది. సార్ ఒక్క క్షణం చూసి తన బూట్లూ విప్పారు.

అవ్వ గిన్నెను రెండు చేతులా పట్టుకుని లోపల వేలితో తడిమింది.

"నున్నగ రుద్దిన్రు. పెదవికి గీసుకోవద్దని," అంది.

సార్ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ ఆదివారం అవ్వ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకొక అక్క ఉండేదని చెప్పింది.