ఎంతమందిని కన్నారు?

మా సోషల్ టీచర్ గారు పోయారు. మామిడి పూత విరగబూసిన రోజుల్లో, పొద్దున్నే బడికి బయల్దేరుతూ చెప్పుల్లో కాలు పెట్టబోయి గుమ్మంలోనే కూలబడ్డారట. నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి "అక్కా, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతాది నాకు అర్థమైంది. నేనూ సోషల్ టీచర్నే, విస్సన్నపేట అవతల ఒక హైస్కూల్లో. అప్పుడు నా క్లాసులో పిల్లలు పరీక్ష రాస్తున్నారు. వాళ్ళ ముందు ఏడవలేక చేతిలో ఉన్న సుద్దముక్కని పొడయ్యేదాకా నలుపుతూ కూర్చున్నాను.

ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా చాలా ఏళ్ళుంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "ఆయుష్షు అంతవరకే రాసిపెట్టుంది, ఏం చేస్తాం" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాకు ఓపిక తక్కువ. ఆయుష్షు గురించి ఆవిడ దగ్గరే పాఠం విన్నదాన్ని, ఎవడు రాసిపెట్టాడండీ అని అడగాలనిపించింది. అడగలేదు. అక్కడ ఆవిడ పడుకుని ఉన్నారు, మంచి ఇస్త్రీ చీరలో, కొంగుకి సుద్ద మరక లేకుండా. ఆ మరక లేకపోతే ఆవిడ మా టీచర్ గారిలా లేరు.

మాది రెడ్డిగూడెం పక్కన చిన్న ఊరు. మా నాన్న మామిడి తోటకి కాపలా, అమ్మ కోతలకీ వరి నాట్లకీ వెళ్ళేది. నాన్న కాపలా కాసే తోట టీచర్ గారి భర్తది. ఆయన్ని ఊరంతా ఆసామిగారు అనేవాళ్ళం. మాట తక్కువ మనిషి. తోటలో చెట్టు చెట్టుకీ ఆగి చూసుకుంటూ తిరిగేవారు గానీ మనుషులతో రెండు ముక్కలు మాట్లాడేసరికి ఆయనకి చెమటలు పట్టేవి. టీచర్ గారు అందుకు పూర్తిగా ఎదురు. క్లాసులోకి వస్తూనే మాట మొదలయ్యేది, బెల్లు కొట్టినా ఆగేది కాదు.

పదో తరగతిలో దేశాల్ని పోల్చే పాఠం ఉండేది. ఒక పక్క దేశాల పేర్లు, ఇంకో పక్క గడుల్లో తలసరి ఆదాయం, అక్షరాస్యత, శిశు మరణాలు, ఆయుర్దాయం. మాకది క్రికెట్ స్కోరులా ఉండేది. మన దేశం ఎవరికన్నా పైనుంటే చప్పట్లు, కిందుంటే గోల. టీచర్ గారు ఆ గోలంతా అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. అప్పుడు తలసరి ఆదాయం అంటే ఏంటో చెప్పారు. ఊళ్ళో అందరి సంపాదనా ఒకచోట కుప్ప పోసి, ఉయ్యాల్లో ఉన్న పిల్లల్తో సహా తలకింత అని భాగిస్తే వచ్చేదే తలసరి అన్నారు. వెనక బెంచీ వాడొకడు లేచి, మరి మా వాటా ఎవరి దగ్గరుందండీ అని అడిగాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "పంచలేదురా నాయనా. పంచినట్టు అనుకున్నారంతే" అన్నారు. ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఎవరన్నా ఏదన్నా ఇస్తానని ఇవ్వకపోతే మా అమ్మ "పంచినట్టు అనుకో" అంటుంది.

రేటు అనే మాటతో కూడా పెద్ద తంటా వచ్చింది. మా వైపు రేటంటే మామిడికాయల రేటే. నూజివీడు మార్కెట్లో ఇవాళ రసాలు ఎంత, బంగినపల్లి ఎంత, అంతే. అక్షరాస్యత రేటు పెరిగింది అని ఆవిడ బోర్డు మీద రాయగానే నా పక్కనున్న పిల్ల, అయితే ఇప్పుడే అమ్మేద్దామండీ, మళ్ళీ పడిపోద్ది అంది. క్లాసంతా నవ్వింది. ఆ ఊపులోనే ఎవరో శిశు మరణాల రేటెంతండీ అని అరిచారు. టీచర్ గారు నవ్వలేదు. బోర్డు మీద శిశు మరణాల రేటు అన్న ముక్క తుడిచేశారు. వెయ్యిమంది పుడితే ఏడాది నిండకుండా ఎంతమంది పోతున్నారు అని పొడుగ్గా రాశారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గడికి రేటనే మాట ఆవిడ వాడలేదు, మమ్మల్నీ వాడనివ్వలేదు. అప్పుడు మాకు కారణం తెలీదు.

మార్కెట్లో ట్రే పై వరస చూసి కొంటారా, కింద చెయ్యి పెట్టి చూస్తారా అని అడిగారు ఆ రోజే. చెయ్యి పెట్టి చూస్తామండీ అన్నాం. తోట పిల్లలం, ఆ మాత్రం తెలీదా. దేశాన్నీ అలాగే చూడమన్నారు. తలసరి ఆదాయం పై వరస అట. ఒక దేశం దగ్గర డబ్బు ఎక్కువుండి కూడా పసిపిల్లలు ఎక్కువమంది పోతుంటారు, ఇంకో దేశం దగ్గర తక్కువుండీ వాళ్ళని కాపాడుకుంటుంది, చెయ్యి కిందిదాకా పోనిస్తే గానీ అది తెలీదు అన్నారు.

నా భయం ఆయుర్దాయం దగ్గర మొదలైంది. బోర్డు మీద మన దేశానికి సగటు ఆయుర్దాయం అని ఒక అంకె వేశారు. ఆయుర్దాయమంటే మాకు జాతకంలో ఉండేది. దేశం మొత్తానికి జాతకం చూసి చెప్పేశారు కాబోలు అనుకున్నాను. మా నాయనమ్మ వయసు ఆ అంకె దాటి చాలా దూరం పోయింది. అంటే ఇవాళో రేపో. ఇంటికెళ్ళి నాయనమ్మ పక్కన చేరి వదల్లేదు. అన్నం తినలేదు. ఆవిడ దగ్గితే నా ప్రాణం పోయేది. మర్నాడు క్లాసులో ఏడుపు ఆగలేదు. టీచర్ గారు పక్కకి పిలిచి సంగతి కనుక్కుని, నవ్వాలో ఏడవాలో తెలీని మొహం పెట్టారు. అయితే మీ నాయనమ్మ ఇంకా బతికుండటం తప్పంటావా అమ్మాయ్ అని, సాయంత్రం బడి వదలగానే నాతోపాటు తోటకి వచ్చారు.

తోటలో మా గుడిసె ముందు నులక మంచం మీద కూర్చున్నారు. కొంగు ముడిలో ఉప్పూకారం పొట్లం ఎప్పుడూ ఉండేది ఆవిడకి. కింద రాలిన పచ్చికాయ ఏరి, కోయించి, అది అద్దుకుని తింటూ మా నాయనమ్మని అడిగారు.

"ఎంతమందిని కన్నావు మామ్మా?"

మా నాయనమ్మని అందరూ ఎంతమంది పిల్లలు అని అడిగేవాళ్ళు. ఒక్కడే కొడుకు అని చెప్పేది. నేనూ అంతే అనుకున్నాను, మా నాన్నా అంతే అనుకున్నాడు. ఆ రోజు నాయనమ్మ కాసేపు నేల చూసి, నలుగురిని టీచరమ్మా అంది. మొదట ఆడపిల్ల, పురిట్లోనే పోయింది. తర్వాత మగపిల్లాడు, పాకే వయసులో జ్వరమొచ్చింది. తర్వాత మా నాన్న. ఆ తర్వాత ఇంకో ఆడపిల్ల, దానికి మాటలు కూడా వచ్చాయి, నన్ను అమ్మా అని పిలిచేది అంది. మా నాన్న చేతికర్ర పక్కన పెట్టి కింద కూర్చుండిపోయాడు. నాకో అన్న ఉన్నాడా అన్నాడు. అంత వయసొచ్చాక.

టీచర్ గారు చేతిలో ముక్క కింద పెట్టేశారు. "నేను ఇద్దరిని కన్నాను మామ్మా" అన్నారు. ఆవిడకి ఒక్కతే కూతురని ఊరంతా తెలుసు. అప్పుడు చెప్పారు, పెద్దవాడు బాబు అని. చాట్రాయి దగ్గర పుట్టింట్లో ఉండగా నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట. బండి దొరికి బయల్దేరేసరికి ఆలస్యమైంది. బాబు దారిలోనే పుట్టి, ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. పేరు పెట్టలేదు. పుట్టాడని గానీ పోయాడని గానీ ఎక్కడా రాయించలేదు. అత్తగారు, ఆ మాట ఇంట్లో ఎత్తొద్దు, కడుపుకి మంచిది కాదు అన్నారట. ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆసామిగారు అసలే ఎత్తలేదు. మా నాయనమ్మ టీచర్ గారి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పుడు టీచర్ గారు నా వైపు తిరిగారు. ఇలా పసితనంలో పోయినవాళ్ళ వయసుల్ని కూడా కలిపి భాగిస్తే ఆ అంకె కిందికి దిగుతుందట. మీ నాయనమ్మ ఆ గండాలన్నీ ఎప్పుడో దాటేసింది, ఆ అంకె ఆవిడ్ని ఏమీ చెయ్యదు, దాన్ని కిందికి లాగింది ఆవిడ పిల్లలే అన్నారు. మా బాబూ ఓ చెయ్యి వేశాడు అని నవ్వబోయి, ఆగి, "వేశాడో లేదో. రాయించలేదు కదా, వాడు ఏ లెక్కలోనూ లేడే" అన్నారు.

నాకు ఆ రోజే ఈ సబ్జెక్టు పట్టుకుంది. ఉద్యోగమొచ్చాక ఇంటింటికీ తిరిగే సర్వే డ్యూటీ పడితే ఆవిడకే ఫోన్ చేశాను. ఎంతమంది పిల్లలు అని అడక్కు, బతికున్నవాళ్ళనే చెప్తారు, ఎంతమందిని కన్నారు అని అడుగు అన్నారు. అడిగి ఊరుకోమన్నారు. తొందరపెట్టొద్దన్నారు. నిజమే, ఆ ప్రశ్న అడిగాక ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ముందు నేలకేసి చూశారు. టీచర్ గారు మాత్రం ఎవరడిగినా, బస్సులో పక్కసీటు మనిషి అడిగినా, ఇద్దరు అనే చెప్పేవారు.

పక్కన ఆసామిగారుంటే, ఒక్కతే అమ్మాయండీ అని మెల్లగా దిద్దేవారు. మా పాప బారసాలలో అదే జరిగింది. భోజనాల దగ్గర మా అత్తగారి తరఫు వాళ్ళెవరో అడిగారు. ఇద్దరు అని ఆవిడ, ఒక్కతే అని ఆయన. చెప్పేసి ఆయన నీళ్ళ కోసమన్నట్టు లేచి వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో. పాపకి పేరు పెట్టిన రోజున, పేరు లేని పిల్లవాడి తల్లిని పట్టుకుని అలా అంటారా! లోపలి గదిలో పాపని ఒళ్ళో వేసుకుని కూర్చున్న టీచర్ గారి దగ్గరికెళ్ళి ఆ మాటే అన్నాను.

"ఆయన్నేం అనకే. పైకి చెప్తే బాబు మళ్ళీ పోయినట్టుంటుంది ఆయనకి. చెప్పకపోతే పోయినట్టుంటుంది నాకు" అన్నారు. కాసేపు పాప వేళ్ళు సవరిస్తూ కూర్చుని మళ్ళీ అన్నారు. "ఒక్కసారి ఆయన నోట ఇద్దరని వినాలనుందే. ఒక్కసారి చాలు."

అంతకన్నా ఆవిడ నన్ను ఎప్పుడూ ఏదీ కోరలేదు. అది కూడా నన్ను కోరింది కాదు. నేను తీర్చగలిగిందీ కాదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా, ఏమన్నా అన్నారా టీచర్ అని అడిగేదాన్ని. పిందెలు కట్టాయా అని అడిగినట్టు అడుగుతావేంటే అని నవ్వేవారు. లేదనే అర్థం.

పెద్దకర్మ నాటికి పూత రాలి పిందెలు కట్టాయి. తోటలోనే షామియానా వేశారు. టీచర్ గారి ఫోటోకి దండ వేసి కుర్చీలో పెట్టారు. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటో, పట్టుచీరలో ఉన్నారు. నేను వాళ్ళమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆసామిగారు ఫోటో పక్కనే చాప మీద, వచ్చినవాళ్ళకి దణ్ణం పెడుతూ ఉన్నారు. మనిషి సగమయ్యారు.

చాట్రాయి నుంచి టీచర్ గారి పుట్టింటి వైపు పెద్దావిడొకరు వచ్చారు. బాగా వయసు మళ్ళింది, చెవుడు. ఫోటో దగ్గర ఏడ్చి, ఆయన ఎదురుగా చతికిలబడి, పిల్లలెంతమంది నాయనా అని అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కతే అమ్మాయి అని చెప్పారు. ఆవిడకి వినపడలేదు. ఆయన్నే చూస్తూ మళ్ళీ అడిగారు.

"ఎంతమందిని కంది నాయనా మా పిల్ల?"

ఆసామిగారు తలెత్తారు. ఏదో అన్నారు గానీ పక్కనున్న నాకే వినపడలేదు. పెద్దావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆఁ? అన్నారు.

"ఇద్దరినండీ" అన్నారాయన, ఈసారి షామియానా అంతా వినపడేలా. "ఇద్దరిని కంది. పెద్దవాడు బాబు."

అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విస్తళ్ళు వేస్తున్నవాళ్ళు ఆగిపోయారు. నేను ఫోటో వంక చూశాను. అంతకన్నా ఏం చెయ్యగలను. వినాల్సిన మనిషి అందులో నవ్వుతూ ఇంకెవరివైపో చూస్తున్నారు. ఒక్క నెల ముందు అని ఉంటే ఏం పోయేదండీ, ఆవిడ పోవడానికి ఒక్క పూట ముందన్నా. నాకొచ్చింది కోపమో ఏడుపో తెలీలేదు.

పెద్దావిడకి అప్పటికీ వినపడలేదు. చెవి అలాగే ఒగ్గి ఆయన మొహంలోకి చూస్తున్నారు. ఆయన ఇంక మాట్లాడలేక కుడిచెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించారు. ఆవిడ అర్థమైందని తలూపి, కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం చెయ్యి దించలేదు. భోజనాలు మొదలయ్యాయి, జనం విస్తళ్ళ వైపు కదిలారు, పిల్లలు పిందెలు ఏరుకుంటూ పరిగెడుతున్నారు. ఆయన ఫోటో వైపు తిరిగి కూర్చుని, ఆ రెండు వేళ్ళూ ఆవిడకి చూపిస్తూనే ఉన్నారు.