మొదటి రోజు స్కాన్

మా మేడమ్ పోయారని పోయిన వారం కాకినాడ నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే వెళ్లిపోయారట. దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో పసిపిల్లల ఐసీయూలో ఆవిడ దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఫోన్ పెట్టేసి వార్డులోకి వెళ్లి, స్కాన్ చేయాల్సిన పాపకు స్కాన్ చేశాను. ఆవిడ ఉంటే ముందు అదే చేయమనేవారు.

పుట్టేటప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిన్న పిల్లలను, ఆ దెబ్బ పెరగకుండా మూడు రోజులు చల్లని పరుపు మీద ఉంచుతాం. లోపల ఎలా ఉందో చూడడానికి, మాడు మీద ఎముక ఇంకా కలవని మెత్తటి చోట అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తాం. మేడమ్ ముందుగా జెల్‌ను అరచేతిలో వేసుకుని వెచ్చబరిచేవారు. "చల్లబరచడం పరుపు పని. మన చెయ్యి వెచ్చగానే ఉండాలి" అనేవారు. పుట్టగానే ఏడవని పిల్లలు కదా, ప్రోబ్ పెడుతూ "ఏడువు నాన్నా, ఏడువు" అని బతిమాలేవారు. పిల్లలను ఏడవమని బతిమాలిన మనిషిని నేను ఆవిడనొక్కరినే చూశాను.

నేను చేరిన కొత్తలో, ఇంకా అందరం మాస్కులతో తిరిగే రోజుల్లో, ఒక బాబు వచ్చాడు. తండ్రి జగిత్యాల వైపు మనిషి, క్వారీలో సూపర్‌వైజర్. మొదటి రోజు స్కాన్‌లో నాకు ఏ తేడా కనిపించలేదు. ఆ సంతోషంలో బయటికొచ్చి "స్కాన్ బాగుంది, భయం లేదు" అనేశాను.

"గట్ల చెప్పున్రి డాక్టరమ్మా! ఖలాస్, రంది పోయింది. ఇగ మా ఆమెకు చెప్త" అంటూ ఆయన పరుగెత్తాడు.

మేడమ్ విని కోప్పడలేదు. తెర మీద బొమ్మ మళ్లీ చూశారు. "బాగానే ఉందమ్మాయ్. కానీ దెబ్బ తగిలిన చోటు కమలడానికి టైం పట్టదూ? మెదడూ అంతే. మొదటి రోజు బొమ్మ చూసి మాటిచ్చేయకూడదు. వెళ్లి చెప్పు."

"మీరు చెప్పండి మేడమ్."

"ఇచ్చిన మాట నీది కదా. పద, పక్కన నేనుంటాను."

తొందరపడ్డానని, ఇప్పుడే ఏమీ తేల్చలేమని ఆ తండ్రికి చెప్పాను. "పొద్దుగాల గట్ల చెప్తిరి, గిప్పుడు గిట్ల అంటున్నరు. ఏది నమ్మాలె?" అన్నాడాయన. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి, తాను నిలబడే అంతా విడమరిచి చెప్పారు.

నాలుగో రోజు స్కాన్‌లో, మెదడు లోతున రెండు వైపులా దెబ్బకు గుర్తుగా తెల్లటి మచ్చలు కనిపించాయి. తర్వాత ఎమ్మారై కూడా అదే చెప్పింది. ఈసారి దాచకుండా, పెంచకుండా చెప్పాను. "ఉన్నదున్నట్టు చెప్పిన్రు. గంతే చాలు" అన్నాడాయన.

"నడుస్తడా?" అని తల్లి అడిగింది.

"తెలీదమ్మా. తెలిసేదాకా నేను మీతోనే ఉంటాను" అన్నారు మేడమ్. ఉన్నారు కూడా. నెలనెలా ఆవిడే ఫోన్ చేసి రప్పించేవారు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోకుండా ఎలా ఆడించాలో ఆ తల్లికి తన చేతులతో చూపించేవారు.

ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోయే వారంలో ఆ బాబు మళ్లీ వచ్చాడు. వాడికి మూడేళ్లు దాటాయి. ఇంకా నడక రాలేదు. మేడమ్ కారిడార్‌లో నేల మీదే కూర్చుని వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నారు. వాడు ఆవిడ కళ్లజోడు లాగేసుకుని, బిగుసుకున్న వేళ్లతో దాని కాడ మడవబోయాడు. జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. కౌంటర్ దగ్గర తరువాతి పేరు పిలుస్తున్నారు. మేడమ్ సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. మసకబారిన కళ్లు చిట్లించి, వాడి వేళ్ల వంకే చూస్తూ అలాగే కూర్చున్నారు.