హంసలదీవిలో నేను చేయని స్నానం

హంసలదీవి సంగమంలో నేను ఎన్నడూ స్నానం చేయలేదు. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోటికి నేను వెళ్ళనే లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నా మాట నమ్మి అక్కడికి వెళ్ళి మునిగి వచ్చినవాళ్ళు మా జిల్లాలో కొందరున్నారు. వాళ్ళలో ఒకాయనకి వారం రోజులు జలుబు తగ్గలేదట.

నేను గుడివాడలో మోటార్లు బాగుచేసే ఒక షాపులో మేస్త్రీని. మా డెల్టాలో పొలానికి నీళ్ళు పెట్టడం ఒక పనైతే, ఎక్కువైన నీళ్ళు బయటికి తోడడం అంతకన్నా పెద్ద పని. ఊళ్ళకి కరెంటు వచ్చాక రైతులు మోటార్లు కొన్నారు. మోటారుని ఇవాళ ఈ గట్టున పెడతారు, రేపు ఆ గట్టుకి మారుస్తారు. అందుకని స్తంభం నుంచి వచ్చే తీగనీ మోటారు తీగనీ కలిపే జాయింటు ఊడదీయడానికీ మళ్ళీ తగిలించడానికీ వీలుగా ఉండాలి. వానలకి గట్టు మునిగితే జాయింటూ మునుగుతుంది. మునిగినా లోపలికి చుక్క నీరు పోకూడదు. అటువంటి జాయింటు తయారుచేయమని మా యజమాని నాకు పురమాయించాడు.

రెండేళ్ళు అవస్థ పడ్డాను. మైనం పోశాను, తారు పూశాను, పడవ పలకల సందుల్లో కూరే గుగ్గిలం కూరాను. ఆవకాయ జాడీకి కట్టినట్టు వాసెన కూడా కట్టి చూశాను. నీళ్ళు అన్నిటినీ దాటుకుని లోపలికి పోయి కూర్చునేవి. నాగాయలంక దగ్గర ఒక కాలువలో పరీక్ష పెట్టిన రోజున మోటారు తిరగలేదు గానీ, చుట్టుపక్కల చేపలన్నీ వెల్లకిలా తేలాయి. రైతులు నన్ను తిట్టలేదు. "మోటారు సంగతి తరవాత చూద్దాం గానీండి, ఈ చేపలు పట్టే మిషను ఇంకోటి చేసిపెడతారా?" అని అడిగారు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ బస్టాండు దగ్గర సోడా కొట్టులో కూలబడ్డాను. కొట్టు సుగుణమ్మ గారిది. యాభై ఏళ్ళ మనిషి, భర్త పోయాక సోడా మిషను ఆవిడే తిప్పుతోంది. నా ఏడుపంతా విని, గోళీ సోడా ఒకటి నా ముందు పెట్టి అంది:

"దీనికి మూతేదండీ? లేదు గదా. మెడలో రబ్బరు చక్రం, దాని కింద గోళీ. బిగించేది నేను కాదు. లోపలున్న గ్యాసే గోళీని రబ్బరుకేసి తోసి పట్టుకుంటది. ఎంత గ్యాసుంటే అంత బిగువు. మీరేమో నీళ్ళతో కుస్తీ పడుతున్నారు. ఆ బిగించే పనేదో ఆ నీళ్ళకే అప్పజెప్పకూడదూ?"

ఆ మాటతో నాకు బస్సు కూడా తప్పిపోయింది. గుడివాడ చేరాక రెండు ఇత్తడి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా చేసి, మధ్యలో రబ్బరు చక్రం పెట్టాను. దాని అంచుని పలచగా బయటికి విచ్చుకునేలా కోశాను. బయటి నీళ్ళు ఎంత తోస్తే ఆ అంచు గిన్నెకి అంతగా అతుక్కుంటుంది. వారం రోజులు కాలువలో నానబెట్టి తీస్తే లోపల పొడిగా ఉంది. దానికి గుడివాడ జాయింటు అని పేరొచ్చింది.

ఒక వారపత్రికవాళ్ళు వచ్చి, "ఈ ఆలోచన మీకెలా తట్టిందండీ?" అని అడిగారు. మాది పంతుళ్ళ కుటుంబం. నాన్న, బాబాయిలు, అన్నయ్య అందరూ బడిపంతుళ్ళే. చేతులకి గ్రీజు పూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేయవలసి వస్తే అన్నయ్యకి ఎప్పుడూ దగ్గు వచ్చేది. అటువంటివాణ్ణి, 'సోడా తాగుతుంటే ఒకావిడ చెప్పింది' అనడానికి నోరు రాలేదు. "హంసలదీవి సంగమంలో మూడో మునక వేసి లేస్తుండగా తట్టింది" అన్నాను. పత్రికలో జాయింటు బొమ్మతో సహా పడింది. అన్నయ్య దగ్గు ఆగిపోయింది.

మూడు నెలల తరవాత ఒక గురువారం కార్డు వచ్చింది.

"గుడివాడ జాయింటు మేస్త్రీ గారికి అవనిగడ్డ సోడా కొట్టు సుగుణమ్మ నమస్కరించి రాయించునది. జాయింటు గురించి మీకు మాట సాయం చేశానని మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పి ఉన్నాను. పత్రిక చూసిన మీదట నేను అబద్ధమాడానన్నారు. ఒప్పుకుంటే గానీ ప్రభువు బల్లలో నాకు భాగం లేదన్నారు. మూడు నెలలుగా అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే నేను వెనక కూర్చుంటున్నాను. ఆడని అబద్ధం ఒప్పుకోలేను. వచ్చి నిజం చెప్పగలరు."

మా ఆవిడ కార్డు రెండుసార్లు చదివి, "సంగమంలో మునిగానని నాక్కూడా చెప్పారు" అంది. శనివారానికి సంచీ సర్ది గుమ్మంలో పెట్టింది.

బందరు బండి గుడివాడకి ఏడింటికి రావాలి. ఏడూ నలభైకి వచ్చింది. గుడ్లవల్లేరులో ఒక పెద్దమనిషి ఇత్తడి చెంబు, తువ్వాలు, పొడి పంచెతో ఎక్కి నా పక్కన సర్దుకున్నాడు. పేరు రామ్మూర్తి, ఏదో ఆఫీసులో గుమాస్తా.

"ఎందాకా అండీ?" అన్నాడు.

"అవనిగడ్డ. మీరు?"

"హంసలదీవి. మావాడు ఇంజినీరింగు డిప్లొమా పరీక్ష మూడోసారి రాస్తున్నాడు. గుడివాడలో ఎవరో మేస్త్రీ ఆ సంగమంలో మునిగి లేచేసరికి మిషను బొమ్మ మొత్తం బుర్రలోకి దిగిందటండీ!"

"మరి మీ అబ్బాయి రాలేదేం?"

"వాడికి నీళ్ళంటే భయం. వాడి బదులు నేను మునుగుతాను." చెంబు ఒళ్ళోకి తీసుకుని, "మూడో మునకలో తట్టిందని రాశారు గానీ, తల పూర్తిగా ముంచాలో అక్కర్లేదో రాయలేదు. మీకేమన్నా తెలుసా?" అన్నాడు.

"పూర్తిగానే ముంచాలనుకుంటాను" అన్నాను. నిజం చెప్పడానికి బయలుదేరిన మనిషిని, పెడన అయినా రాకముందే ఇంకో అబద్ధమాడాను.

బందరు చేరేసరికి తొమ్మిదిన్నర. స్టేషను నుంచి జట్కాలో బస్టాండుకి వచ్చి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఇడ్లీ తిన్నాం. చట్నీ కారం, కాఫీ మంచిది. సుగుణమ్మ గారి కోసం బందరు లడ్డూలు ఒక పొట్లం కట్టించాను. వట్టి చేతులతో వెళ్ళి క్షమాపణ చెప్పడం మర్యాద కాదనిపించింది.

పదిన్నర బస్సు పదకొండింటికి కదిలింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోవడం మంచిది, ఎండ తగలదు. చల్లపల్లిలో డ్రైవరు భోజనానికి దిగాడు. ఆయన తిని, తాంబూలం వేసుకుని వచ్చేదాకా మేమంతా ఆయన సీటు వంక చూస్తూ కూర్చున్నాం. పులిగడ్డ ఆక్విడక్టు మీదికి బస్సు ఎక్కగానే రామ్మూర్తి గారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. కింద కృష్ణ, పైన మా పక్కనే కాలువ. నీళ్ళ మీదుగా నీళ్ళు పోతున్నాయి, ఒకటి ఇంకొకదాన్ని తాకకుండా.

"ఇది కట్టినాయన ఎక్కడ మునిగాడో!" అన్నాడు ఆయన.

అవనిగడ్డలో దిగేసరికి రెండు దాటింది. హంసలదీవి వైపు బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ మర్నాడేనన్నారు. ఇద్దరం సత్రంలో సామాను పెట్టాం. సత్రంలో గది ఉచితం, దోమలూ ఉచితమే. ఆయన నడుం వాల్చాక నేను సోడా కొట్టుకి వెళ్ళాను.

సుగుణమ్మ గారు సీసాలు కడుగుతోంది. తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"వచ్చారా ఇంజినీరు గారూ! తడిగా లేరే? సంగమం నుంచి కాదా?"

నేను ఇంజినీర్ని కానని ఆవిడకి తెలుసు. లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టాను.

"ఇదేంటండీ?"

"బందరు లడ్డూలండీ. మీ కార్డు అందింది..."

"లడ్డూల చేత చెప్పిస్తారా?" అని పొట్లం నా వైపు నెట్టింది. "రేపు ఆదివారం. పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. నేను ఎక్కడ అబద్ధాలకోరునయ్యానో అక్కడ లేచి చెప్పండి. తొమ్మిదింటికల్లా రండి."

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళాను. బస్సుకి ఇంకా టైముందని రామ్మూర్తి గారు కూడా వెంట వచ్చాడు. ఎందుకు వెళ్తున్నానో ఆయనకి చెప్పలేదు. పాకలాంటి చిన్న గుడి. చెప్పులు బయట విడిచి, చాపల మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. సుగుణమ్మ గారు అందరికన్నా వెనక, గోడ వారన కూర్చుంది. పాటలయ్యాక పాస్టరు గారు, "గుడివాడ నుంచి వచ్చిన సోదరుడు మాట్లాడతారు" అన్నారు.

లేచాను.

"అయ్యా, నేను గుడివాడ జాయింటు మేస్త్రీని."

"స్తోత్రం!" అన్నారు అందరూ ఒక్కసారిగా. ఉలిక్కిపడ్డాను. ప్రతి మాటకీ అలా అనడం వాళ్ళ ఆనవాయితీ అని నాకు తెలియదు.

"నేను సంగమంలో మునగలేదు."

"స్తోత్రం!"

వెనక నుంచి రామ్మూర్తి గారి చెంబు దొర్లిన చప్పుడు వినిపించింది.

"ఆ ఆలోచన నాది కాదు. సుగుణమ్మ గారు చెప్పింది. పత్రికలో పడింది నా అబద్ధం."

"స్తోత్రం! స్తోత్రం!"

అక్కడితో కూర్చోవలసింది. కానీ నా జన్మలో నా మాటకి అంతమంది అంత గట్టిగా బదులు పలకడం అదే మొదలు. నా లోపల ఏదో మోటారు తిరగడం మొదలుపెట్టింది. నా గర్వం గురించి చెప్పాను. అన్నయ్య దగ్గు గురించి చెప్పాను. తారు, మైనం, చచ్చిన చేపలు, ఏదీ వదలలేదు. నా అంత పాపి కృష్ణా జిల్లాలో ఉండడన్నాను. స్తోత్రాలు పెరిగేకొద్దీ నా పాపాలూ పెరిగాయి. ఒకటి రెండు అప్పటికప్పుడు కల్పించాను కూడా. అరగంటయింది. సంఘ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పాస్టరు గారు లేచి, "సుగుణమ్మా, మేం తొందరపడ్డామమ్మా. ముందుకి రా" అన్నారు. ఆవిడ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, అందరి మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుంది. తిరిగి వెనక్కి వెళ్ళలేదు. ముందు వరసలోనే కూర్చుంది.

బయటికి రాగానే జనం నా చుట్టూ మూగారు. "ఎంత గొప్ప సాక్ష్యమండీ!" అన్నారు. ఒకాయన వచ్చే ఆదివారం కోడూరు వచ్చి మళ్ళీ చెప్పమన్నాడు. రామ్మూర్తి గారు జనాన్ని తోసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే ఆ మేస్త్రీ మీరేనా? మరి మావాడి సంగతేంటండీ?"

"చదవమనండి" అన్నాను.

"ఎటూ ఇందాకా వచ్చాను గదా, మునిగే పోతాను" అని చెంబు తీసుకుని బస్సు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి బందరు బస్సు. కిటికీ పక్కన కూర్చున్నాను. గుండె తేలికగా ఉంది. బస్సు ఎదురుగానే సుగుణమ్మ గారు కొట్టు తెరుస్తోంది. ఉండబట్టలేక పిలిచాను.

"ఏమండీ, సాక్ష్యం ఎలా చెప్పానంటారు?"

ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది.

"బ్రహ్మాండంగా చెప్పారు. అరగంటలో నా పేరు ఒక్కసారి వచ్చింది. మిగతా అంతా మీరే. పత్రికలోనూ మీరే, ఇక్కడా మీరే."

"అదేంటండీ, అందరి ముందూ ఒప్పుకున్నాను గదా?"

"ఒప్పుకున్నారు. దేవుడికి చెప్పారు, సంఘానికి చెప్పారు. నాకు చెప్పారా?"

డ్రైవరు హారను కొట్టాడు. నోరు తెరిచాను. పక్క సీటాయన నన్నే చూస్తున్నాడు. బస్సు కదిలింది.

పులిగడ్డ దాకా లడ్డూల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయటి నుంచి ఎంత తోస్తే అంత బిగుసుకోవడం నా జాయింటు గుణం. ఆ గుణం ఇత్తడి గిన్నెకి ఉండవలసిందే గానీ, దాన్ని చేసినవాడికి ఉండకూడదు. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఇంతే. ఆక్విడక్టు కనిపించగానే, "ఆపండి, దిగుతాను" అని అరిచాను.

"ఇక్కడేం ఉందండీ?" అన్నాడు కండక్టరు.

"ఏమీ లేదు. వెనక్కి వెళ్ళాలి."

ఎండలో గంటకి పైగా నడిచాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు గొడుగు పట్టుకెళ్ళడం మంచిది. కొట్టు చేరేసరికి చొక్కా మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది. సుగుణమ్మ గారు నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

"ఇప్పుడు నిజంగా మునిగి లేచినట్టున్నారు. బస్సు తప్పిందా?"

"లేదండీ. దిగిపోయాను."

ఆవిడ గోళీ నొక్కి సోడా నా ముందు పెట్టింది. నేను సీసా ముట్టుకోలేదు. కొట్టులో ఇంకెవరూ లేరు. స్తోత్రం అనేవాళ్ళు లేరు.

"సుగుణమ్మ గారూ, ఆ మాట మీది. నాదని చెప్పుకున్నాను. మిమ్మల్ని మూడు నెలలు వెనక కూర్చోబెట్టాను. తప్పు చేశాను. నన్ను క్షమించండి."