పీకి పారేసిన ఏడు

తమిళనాట కోవిల్‌పట్టిలో అగ్గిపుల్లల పని తెలియని చేతులు తక్కువ. మారీశ్వరి చేతులకూ ఆ పని తెలుసు. బడి సెలవుల్లో తల్లి సెల్లత్తాయి పక్కన కూర్చుని చెక్క చట్రంలో పుల్లలు గుచ్చేది. ఒక్క పుల్ల పైకి లేచి ఉన్నా మందులో ఎక్కువ మునిగి తల లావెక్కుతుంది. కాబట్టి లేచినదాన్ని చూడగానే పీకి పారేయాలి. అందులో ఆలోచించడాలూ గీలోచించడాలూ ఉండవు.

అలాంటి పిల్ల 2004లో విరుదునగర్‌లో ఎం.ఫిల్. చదువుతూ ఒక గెలాక్సీని తూచడానికి పూనుకుంది. నవ్వకండి, దానికీ దారి ఉంది. గెలాక్సీ చుట్టూ నక్షత్రాల గుంపులు తిరుగుతుంటాయి. అవి ఎంత వేగంగా పరుగెత్తుతూ కూడా పారిపోకుండా ఉన్నాయో, వాటిని పట్టి ఉంచిన గెలాక్సీ అంత బరువన్నమాట. ఎక్కడో పెద్ద టెలిస్కోపులు కొలిచిన అరవై మూడు గుంపుల వేగాలను బ్రౌజింగ్ సెంటర్లో ప్రింటు తీసుకుని, ఆమె నెలల తరబడి లెక్కలు కట్టింది.

గైడు చెల్లసామి సారు ఆ కాగితాలు చూసి పెదవి విరిచారు.

"వేరే దారిలో తూచినవాళ్ళకు దీనికి రెట్టింపు వచ్చిందమ్మా. ఎక్కడో పప్పులో కాలేశావు. చిత్తిరై నెల దాటేలోగా, అంటే మే సగానికల్లా, ఆ తప్పేమిటో తేల్చకపోతే నేను సంతకం పెట్టలేను," అన్నారు.

సంతకం లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే బడిలో ఇస్తామన్న టీచరు ఉద్యోగమూ లేదు. మళ్ళీ ఆ చట్రమే గతి.

ఆదివారం మధ్యాహ్నం మారీశ్వరి ఇంట్లో కంచం ముందు పెట్టుకుని, పుల్లలు గుచ్చుతున్న తల్లిని చూస్తూ కూర్చుంది. సెల్లత్తాయి పక్కింటావిడ కోడలి ముచ్చట చెబుతూనే ఒక పుల్లను పీకి పారేసింది.

"ఏంటికిమ్మా దాన్ని తీసేస్తివి?"

"ఏమో, నాకేం తెల్సు! చెయ్యే తీసేసె. ఏం, నువ్వు తీయవా?"

మారీశ్వరి చప్పున లేచి ఎంగిలి చేత్తోనే సంచీలో లెక్కల కాగితాలు వెతికింది. మొదటిరోజే ఆమె లెక్కలోంచి ఏడు గుంపుల్ని కొట్టేసింది, మిగతావాటికంటే మరీ వేగంగా ఉన్నాయని. కొలత తప్పేమోనని చూసిందా? చూడలేదు. లేచి ఉన్నాయి, పీకేసింది, అంతే! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. వారమంతా ఆ ఏడింటి కొలతలూ ఒక్కొక్కటే తిరగేసింది. తప్పన్న ఆనవాలు ఒక్కదానిలోనూ లేదు. వాటినీ కలిపి మళ్ళీ లెక్క కడితే బరువు దాదాపు రెట్టింపైంది.

సారు సంతకం పెట్టారు. ఆ జూన్‌లోనే మారీశ్వరి బడిలో చేరింది. ఇప్పటికీ క్లాసులో ఎవరికైనా అందరికంటే వేరే జవాబు వస్తే, ఎర్ర గీత పెట్టే ముందు "ఇది నీకెట్లా వచ్చింది?" అని అడుగుతుంది. చాలాసార్లు అది తప్పే అవుతుంది.

సంతకమైన రోజు తల్లికి సంగతంతా చెప్పింది. సెల్లత్తాయి చిన్నబుచ్చుకుంది.

"అట్లయితే ఇన్నేండ్లూ నేను తీసిందంతా తప్పా?"

"నీ పనికి అదే సరిమ్మా. నా పనికైతే కాదు."

"సరి, అంత వేగంగా పోతా ఉంటే ఆ ఏడూ ఇంగా పారిపోలేదా?"

"లేదుమా. గెలాక్సీ అంత బారం. గెట్టిగా పట్టుకోనుండాది."

సెల్లత్తాయి మళ్ళీ చట్రం ఒళ్ళోకి లాక్కుంది. పైకి లేచిన పుల్లనొకదాన్ని పీకి, పారేయబోయి ఆగి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. వంకరే. పారేసింది.