సఫ్వత్ డాక్టరు గారి మూగ సినిమా

సఫ్వత్‌ని మా సినిమా ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ డాక్టరు గారనే పిలిచేవారు. డాక్టరేటు ఇంకా రాలేదు. కైరోలో అలాంటి చిన్న విషయాల కోసం ఎవరూ ఆగరు. గేటు కాపలాదారు పిలిచాడు, కన్నతల్లి పిలిచింది, చివరికి అతనే ఫోనెత్తి "డాక్టర్ సఫ్వత్‌ని" అనడం మొదలుపెట్టాడు. ఏడేళ్లు అలా గడిపేశాడు.

గడువులోగా డాక్టరేటు తెచ్చుకోని అతనిలాంటి సహాయ అధ్యాపకుణ్ణి పాఠాల నుంచి తప్పించి ఆఫీసులో గుమాస్తాగా వేస్తారు. ఇక ఎనిమిది నెలలే ఉన్నాయనగా సఫ్వత్‌కి చలనం వచ్చింది. అతనిది సినిమా తీసి, ఆ తీయడం గురించే పుస్తకం కూడా రాస్తే ఇచ్చే డాక్టరేటు. ఒకటి చేతకాకపోతే రెండోది ఆదుకుంటుందని చేరినట్టున్నాడు. అతనికి రెండూ చేతకావు. నేను అక్కడి ఎడిటింగ్ గదిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఇలాంటి వాళ్ల సినిమాలకు కాళ్లూ చేతులూ అతికించి జనం ముందుకు పంపడమే నా ఉద్యోగం.

పుస్తకం ముందు రాసేశాడు. శ్రామిక స్త్రీ జ్ఞాపకానికి మాటలుండవట, అది ఆమె చేతుల్లోనే ఉంటుందట. దీనికి రెండు వందల ఎనభై పేజీలు! సొంత తల్లి గిన్నెలు తోముతూ గంటల తరబడి ఏం మాట్లాడుతుందో ఒక్కసారైనా వినలేదు కాబోలు. ఇక సినిమాకి ఒక జత చేతులు కావాలి. షుబ్రా పేటలో ఇన్షిరాహ్ అనే పెద్దావిడ దొరికింది. ఆవిడ అందరికీ పెద్దమ్మే.

ఆవిడ మూతపడిన ఒక ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు నెగటివ్ కోసింది. ఎడిటర్ గుర్తు పెట్టిన చోట అసలు ఫిల్మునే కోసి అతికించే పని అది. ఒక్కసారి తప్పు కోస్తే ఆ దృశ్యం పోయినట్టే. సౌండు చూడమని సఫ్వత్ నన్నూ లాక్కెళ్లాడు.

"ఒక్క మాట ముందే చెబుతున్నా బాబూ," అంది పెద్దమ్మ, మాకు టీ పోస్తూ. "మా గదిలో ఇంకో ఐదుగురు ఆడవాళ్లుండేవాళ్లు. అందరూ పోయారు. నాలుగు వందల బొమ్మలు కోశాం. హీరోయిన్ కుక్కని చూసుకున్నవాడి పేరు కూడా తెర మీద వేశారు, మా పేరు ఒక్కదాంట్లోనూ వెయ్యలేదు. నీ బొమ్మలో వాళ్ల పేర్లు నేనే చెప్తాను. హాల్లో జనం వినాలి. సరేనంటేనే కెమెరా తియ్యి."

"మీరెంత చెబితే అంత పెద్దమ్మా!" అన్నాడు సఫ్వత్.

మూడు రోజులు మాట్లాడింది. ఫిక్రియా, నబవియ్యా, ఏతిదాల్, సనియ్యా, గలీలా. ఎవరు పాడేవారు, ఎవరికి కళ్లు పోయాయి, ఎవరు భర్తకి జీతం తక్కువ చెప్పి చెల్లెల్ని చదివించారు, అన్నీ చెప్పింది. సఫ్వత్ ఆవిడకి నెగటివ్ కోసేటప్పటి చేతొడుగులు తొడిగించి, చేతుల వైపు కెమెరా పెట్టి, తను కిటికీ దగ్గర నిలబడి ఫోన్లు మాట్లాడుకున్నాడు.

ఎడిటింగ్ గదిలో నా కుర్చీ వెనక నిలబడి, "మాటలన్నీ తీసెయ్ రావ్యా," అన్నాడు.

"ఆ ఐదు పేర్లయినా ఉంచండి డాక్టరు గారూ. ఇరవై సెకన్లే."

"ఆవిడ ఇరవై సెకన్లు మాట్లాడితే నా మూడో అధ్యాయం ఏం కావాలి?"

"అధ్యాయం మార్చండి."

"ఎలా మార్చనమ్మా? బైండింగు అయిపోయింది! పరీక్షకులకి పంపేశాను కూడా!"

బైండింగు అయిపోయిందట. ఆ అట్టల మీద బంగారు అక్షరాలు పోయించాడు. వాటి ముందు ఐదుగురు ఆడవాళ్లు ఏపాటి? నేను పళ్లు కొరుక్కున్నాను, తిట్టుకున్నాను, తీసేశాను.

వైవా నాడు హాలు పెళ్లిపందిరిలా ఉంది. బస్బూసా మిఠాయి పెట్టెలు, పూలగుత్తులు, ముందు వరసల నిండా సఫ్వత్ మేనత్తలు. ఫొటోలో పక్కన నిలబెట్టుకోవడానికి ఇన్షిరాహ్ పెద్దమ్మని కూడా పిలిచాడు. ఆవిడ నీలం కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చింది. ముప్పై ఐదు నిమిషాల సినిమా అంతా కుర్చీ అంచు మీదే కూర్చుని చూసింది. చేతులు కదిలాయి, కిటికీ కనిపించింది, మళ్లీ చేతులు. చివర్లో సఫ్వత్ పేరు నాలుగుసార్లు పడింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. "బాబూ, మా వాళ్లేరి?"

పరీక్షకుల అధ్యక్షుడు నల్ల గౌను సర్దుకున్నాడు. "వైవాలో సభికులు మాట్లాడకూడదమ్మా. నియమం."

"కూర్చో పెద్దమ్మా, తర్వాత చెప్తా," అన్నాడు సఫ్వత్ పళ్ల సందునుంచి.

రెండో పరీక్షకుడు గొంతు సవరించుకుని, ముందే పంపిన కాపీ చూశాక ఆ మౌనం తనని రాత్రంతా నిద్రపోనివ్వలేదన్నాడు. ఆ మౌనాన్ని తయారుచేసినదాన్ని నేనే, వెనక వరసలో కూర్చుని విన్నాను. పెద్దమ్మ ఇంకా నిలబడే ఉంది. ఎవరూ అటు చూడలేదు. గంట తర్వాత అత్యున్నత శ్రేణి ప్రకటించారు. మేనత్తలు నాలుకలాడిస్తూ శుభకేకలు పెట్టారు. సఫ్వత్ ఏడ్చాడు కూడా, సిగ్గులేకుండా.

వరండాలో పెద్దమ్మ చేతిలో బస్బూసా పెట్టె పెట్టి వదిలేశారు. నా దగ్గరికి వచ్చింది.

"ఎవరమ్మా దీన్ని కోసింది?"

"నేనే పెద్దమ్మా." అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పేర్లు ఎక్కడ ఉండేవి?"

"మీరు చేతొడుగు తీసి కిటికీ వైపు చూస్తారే, అక్కడ."

కాసేపు కళ్లు మూసుకుని ఆ చోటు గుర్తు చేసుకుంది. తర్వాత నా కుడిచేయి అందుకుని, తిప్పి, వేళ్లు చూసింది.

"మంచి చెయ్యి నీది. కోసిన చోటు నేనే కనిపెట్టలేకపోయాను. అక్కడ ఐదుగురున్నారని ఇంకెవరికీ తెలియదు."