విరగని కాలికి కట్టు

పోయిన వారం మా పక్కింటి అమ్మాయిని చూడటానికి హైదరాబాదు నుంచి మనుషులు వచ్చారు. పెళ్లిచూపులకు కాదు, ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు. కారు దిగిన కోచమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టి ముందు పిల్లను గోడకు నిలబెట్టి టేపుతో కొలిచింది, చేతులు బారచాపించి కొలిచింది, మోకాళ్లకు తీయించిన స్కానింగును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది, పుట్టినతేదీ సరైనదో కాదో ఫోనులోనే సరిచూసుకుంది, ఆ తర్వాతే ఫీజు అక్కర్లేదని, హాస్టలు కూడా తమదేనని చెప్పి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. వాకిలి నిండా చుట్టాలు మురిసిపోతుంటే నేనొక్కణ్ణి గోడ ఇవతల నిలబడి కుళ్లుకున్నాను. యాభై దాటిన మనిషికి పదిహేడేళ్ల పిల్ల మీద కుళ్లేమిటని మీరు నవ్వవచ్చు. పిల్ల మీద కాదు, నా కుళ్లంతా ఆ టేపు మీద, ఆ స్కానింగు మీద, ఆ ఫోను మీద. మన రోజుల్లో వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నేను ఒక్క మ్యాచయినా ఆడి ఉండేవాణ్ణి.

నన్నెరిగిన నిజామాబాదు వాళ్లు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే వినండి, నేనేమీ నొచ్చుకోను, ఎందుకంటే ముందే రెట్టింపు చేసి చెప్పడం నాకు అలవాటు.

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ జట్టుకు నేను ఐదోవాణ్ణి. మా కోర్టుకు ఒక అంచు పగిలి ఉండేది, రింగులకు వల బదులు ఉల్లిగడ్డల సంచి కట్టుకునేవాళ్లం, నా తర్వాత ఆరోవాడు కళ్లజోడుకు తాడు కట్టుకుని ఆడేవాడు కాబట్టి నా స్థానానికి ఢోకా లేదని ధీమాగా ఉండేవాణ్ణి. మా పీడీ సారుకు మాత్రం జట్టులో ఒక్క పొడుగువాడు లేడని తీరని దిగులు. ఒక సాయంత్రం ఆయన రింగు వైపు చూసి నిట్టూరిస్తే చూడలేక, రుద్రూరు దగ్గర మా మేనమామ కొడుకు ఉన్నాడని, బావ వంగకుండా ఏ ఇంటి గుమ్మమూ దాటలేడని, చెరుకు మోపు ఒంటిచేత్తో విసిరితే లారీ మీదివాడు వెనక్కి తిరిగి బీడీ ముట్టించుకుంటున్నా అది అనుకున్న చోటే పడుతుందని చెప్పేశాను. నిజానికి బావను చూసి అప్పటికి నాలుగేళ్లయింది. ఇంటరు పాసై చెరుకు పనిలో పడ్డాడని విన్నానే తప్ప ఎత్తు సంగతి నాకేం తెలుసు? సారు సంతోషిస్తే చాలుననుకున్నాను. ఆయన ఆ ఆదివారమే స్కూటరు తీశారు.

వెనక సీటు మీద నేను పడ్డ యాతన పగవాడికి వద్దు. బోధన్ దాటుతుంటే దూకేద్దామా అని కూడా అనిపించింది. తీరా చెరుకు తోట గట్టు మీద స్కూటరు ఆగేసరికి, ఎదురుగా తాటిచెట్టంత మనిషి మోపు ఎత్తి లారీ మీదికి విసురుతున్నాడు, పైవాడు నిజంగానే ఇటు చూడకుండా అందుకుంటున్నాడు. నేనాడిన అబద్ధం నిజమై నా ముందు నిలబడటం నా జీవితంలో అదొక్కసారే. నా బతుకు అక్కడే పాడైంది.

మామ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, బంతి ఆడితే ఏమొస్తుందని అడిగాడు. డిగ్రీ వస్తుందని, యూనివర్సిటీ పోటీల్లో ఆడితే ఆటల కోటాలో ఉద్యోగం కూడా రావచ్చునని సారు చెప్పారు.

“గీ ముచ్చట మా అల్లుడు చెప్పిండా సారూ? అయితె ఇంకొకల్ని గూడ అడిగి వస్త, జర ఆగుండ్రి” అన్నాడు మామ, నా వైపు చూడను కూడా చూడకుండా.

ఆ జూన్‌లో బావ మా ఇంటికే వచ్చి కాలేజీలో చేరాడు. నెల తిరిగేసరికి నా ఐదో స్థానం ఆయనదైంది. అది పోయినా ఓర్చుకునేవాణ్ణి, ఇంట్లో కూడా నేను ఆరోవాణ్ణయ్యాను. మంచం చాలక కాళ్లు బయటికి వేలాడుతున్నాయని మా అవ్వ నేను చదువుకునే బల్ల తీసుకుపోయి ఆయన కాళ్ల కింద వేసింది. పొద్దంతా బీడీలు చుట్టి వేళ్లు నొప్పి పుట్టినా ఆయనకు మాత్రం జొన్నరొట్టెలు వేడివేడిగా చేసి పెట్టేది, నాకు పొద్దున్నవి. ఇదేం న్యాయమని అడిగితే, “వానికి ఆడేదున్నదిరా, నీకేమున్నది, కూసునుడే గద” అంది. కన్నతల్లి అన్న మాట.

దసరా సెలవుల తర్వాత ఒక రోజు బావ ఎగిరి బంతి అందుకుని ఆ పగిలిన అంచు మీద దిగాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. సగం తీసేసినా అది పెద్ద కాయే. ఎముకలు కట్టే పహిల్వాన్ వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టుకట్టాడు. నేను మళ్లీ ఐదోవాణ్ణయ్యాను, దేవుడున్నాడనుకున్నాను. కానీ నేను ఎన్ని బుట్టలు వేసినా కోర్టు చుట్టూ ఉన్నవాళ్లు అడిగేది ఒక్కటే, మీ బావ మోకాలు ఎట్లున్నదని. లెక్చరర్లు పండ్లు తీసుకుని ఇంటికి వచ్చారు. నాకు మూడేళ్లు పాఠం చెప్పి నా పేరు తెలియని ఆంగ్లం సారు కూడా వచ్చి, బావ మంచం పక్కన కూర్చుని, నన్ను మంచినీళ్లు అడిగారు. అవ్వ రోజూ మేక కాళ్ల షోర్వా కాచేది. ఆడేవాణ్ణి నేను, షోర్వా ఆయనకు. దెబ్బ మీద కూడా కుళ్లుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పోటీలకు పది రోజులుందనగా బావ కట్టు విప్పి, ముందుకంటే ఎత్తు ఎగురుతూ కోర్టులోకి వచ్చాడు. నేను మళ్లీ బెంచీ మీదికి. అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. పనికిరాక కూర్చునేవాడికి షోర్వా లేదు, దెబ్బ తగిలి కూర్చునేవాడికి ఉంది. ఎలాగూ కూర్చోవాల్సిందే కదా. మర్నాడు జక్రాన్‌పల్లి నుంచి సైకిలు మీద వస్తుంటే అడవిపంది అడ్డం వచ్చి గుద్దిందని కుంటుకుంటూ ఇల్లు చేరాను. పహిల్వాన్ నా కుడికాలు పట్టుకున్నాడో లేదో, తొందరపడి ఎడమకాలు పట్టుకుని అరిచాను. ఆయన రెండు కాళ్ల వంకా చూసి, నా మొహం వంకా చూసి, “ఏ కాలికి కట్టాలె బేటా, నువ్వే చెప్పు” అన్నాడు నెమ్మదిగా. మంచి మనిషి, ఎవరికీ చెప్పలేదు.

ఫలితం ఏమిటంటే, చూడవచ్చినవాళ్లు పంది ఎంతుందని అడిగారు. దాని కోరలెంత, ఏ తోటలోకి పారిపోయింది, దానికేమైనా తగిలిందా అని. చివరికి లేని పంది మీద కూడా కుళ్లుకున్న మనిషిని నేను. షోర్వా మాత్రం వచ్చింది. పోసేముందు అవ్వ, “నీకు గూడ జర పోయాల్నా అల్లుడా” అని బావను అడిగింది.

పేర్లు ముందే పంపారు కాబట్టి పీడీ సారు నన్ను కూడా కట్టుతోనే హైదరాబాదు తీసుకుపోయారు. అక్కడ కాగితాలు చూసే బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒక్కొక్కరి పదోతరగతి మెమో తీసి వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఆటగాడికి ఇరవై అయిదేళ్లు దాటకూడదని నిబంధన. బావ మెమో దగ్గర ఆయన రెండుసార్లు లెక్కపెట్టి తల అడ్డంగా ఊపాడు. బావ నాకంటే ఏడాదే పెద్ద, ఇరవై మూడు నిండలేదు. కాగితం మీద మాత్రం ఇరవై అయిదు దాటింది. మా సారు బావ ఎత్తును చూసినంత శ్రద్ధగా మెమోను చూసుకోలేదు.

అదెలా అయిందో మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందితే బడి ఈడు వచ్చినట్లు. అయిదేళ్లప్పుడు బావ చెయ్యి చెవి దాటి మెడ దాకా పోయిందట. ఇంత పొడుగువాడికి అయిదేళ్లంటే ఇన్స్‌పెక్టరు నమ్మడని, ఊళ్లో పంతులు ఎనిమిదేళ్లని రాసుకుని ఒకటో తరగతిలో కూర్చోబెట్టాడు. ఏ ఎత్తు చూసి మా కాలేజీ ఆయన్ని తెచ్చుకుందో ఆ ఎత్తే ఆయన్ని బయటికి పంపింది. బావ బూట్లు విప్పి, లేసులు ముడివేసి, సారు చేతికిచ్చాడు.

ఐదో స్థానం ఖాళీ. నేను లేచి గోడ పక్కకు పోయి కట్టు పరపరా విప్పేశాను. వెదురుబద్దలు కింద పడ్డాయి. ఉన్నచోటే మూడుసార్లు ఎగిరాను.

“సారూ, నాకేం కాలే. పంది లేదు ఏం లేదు. అన్ని అబద్ధాలే చెప్పిన. నన్ను ఆడనియ్యుండ్రి” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట కూడా కలపకుండా నేను చెప్పిన నిజం అది.

సారు కళ్లు తడిసినాయి. “ఇగో, అబద్ధమంటె గిప్పుడు చెప్తున్నవు సూడు, గిది అబద్ధం. కాలు ఇరిగి గూడ దుంకుతున్నవు గదరా! రేపు కాలు పోతె మీ అవ్వకు నేనేం జవాబు చెప్పాలె?” అని తన తువ్వాలుతో స్వయంగా నా కాలు మళ్లీ కట్టారు. నేను ఒట్లు పెడుతున్నకొద్దీ జట్టంతా ముక్కులు ఎగబీల్చింది. బావ వచ్చి నన్ను చెరుకు మోపు ఎత్తినట్లు ఎత్తి బెంచీ మీద కూర్చోబెట్టి, “వద్దు బావా, నా తీర్గ నువ్వు గూడ ఖరాబు గావద్దు” అన్నాడు. ఆ గొంతు విన్నాక ఒట్లు ఆపి కాలు చాపుకున్నాను.

కళ్లజోడువాడు ఆడాడు. ఎంత తేడాతో ఓడామో చెప్పను, దాంట్లో సగం తీసేసినా సిగ్గే. వాడు ఒక్క బుట్ట వేశాడు, కళ్లు మూసుకుని విసిరితే పడింది. అది నా బుట్ట అని ఈరోజుకీ అంటాను.

సాయంత్రం ఆర్టీసీ బస్సులో సీట్లు చాల్లేదు. నా కాలు చాపుకోవాలని రెండు సీట్లు నాకే ఇచ్చారు. బావ కడ్డీ పట్టుకుని, మెడ పైకప్పుకు వంచి, ఆ మోకాలితోనే హైదరాబాదు నుంచి నిజామాబాదు దాకా నిలబడ్డాడు. కామారెడ్డిలో ఒక సీటు ఖాళీ అయితే కూర్చోమన్నాను. “నీ కాలికి తాకుతది, ఉండనీ” అన్నాడు. నిక్షేపంలాంటి కాలు చాపుకుని కూర్చున్న నాకు ఆ నిలబడటం మీద కూడా కుళ్లే వచ్చింది. నేనెన్ని కథలు అల్లినా అంత గొప్పగా కనబడలేను కదా.

బావ ఆ చలికాలమే కాలేజీ మానేసి చెరుకు కోతకు పోయాడు. ఆయన పోయిన రోజు అవ్వ ఏడ్చింది. నేను వారం రోజులు చుట్టాలింటికి పోతే ఎన్నడూ ఏడవలేదు.

ఇప్పుడు పిల్లాడు పుట్టగానే తేదీ నమోదవుతుంది, ఏ పంతులూ కంటిచూపుతో మూడేళ్లు కలపలేడు. దెబ్బ నిజమో కాదో ఒక్క బొమ్మ తీసి తేల్చేస్తారు, నాలాంటివాడు అరగంటలో దొరికిపోతాడు. మంచిదే. ఇన్ని ఉండి ఉంటే బావ ఆడేవాడు, నేను సరిగ్గా తిట్లు తిని, కట్టు విప్పుకుని, కనీసం ఆయన పక్కన మంచినీళ్లు అందిస్తూ ఆరోవాడిగా కూర్చునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, అదీ చాలేది.

ఏటా మొదటి వాన పడగానే రుద్రూరు నుంచి బావ ఫోను వస్తుంది. కాలు గుంజుతున్నదా బావా అని అడుగుతాడు. ఈ యేడు జర ఎక్కువనే ఉన్నదంటాను. వచ్చేపోయేవాళ్ల చేత కాలికి రాసుకొమ్మని ఇప్పనూనె సీసా పంపిస్తాడు. తన మోకాలి సంగతి ఆయన ఎత్తడు. నేనూ అడగను, అడిగితే ఆయనదే నిజమైన నొప్పని తేలిపోతుంది.